ఒస్నియేల్ కారు టాపు

ఈ సాంతియాగో ఊళ్ళో నా అంత నిజాయితీపరుడైన మెకానిక్ లేడు. నా పనితనాన్ని పొగుడుకునేటప్పుడు ఒక్క ముక్క కూడా దాచుకోను. నేను బాగుచేసిన కారు బట్ట టాపు లేచినా, ముడుచుకున్నా పిల్లి నడిచినంత చప్పుడుండదు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేను మొదట్లో పాడుచేసిన కార్లని అడిగితే అవే చెబుతాయి.

ఆ మధ్యాహ్నం ఒదాలిస్ తన మొగుడు ఒస్నియేల్ గులాబీరంగు కారుని నా షెడ్డుకి తోయించుకొచ్చింది. అప్పటికే సొట్టలన్నీ తీయించింది. నెల కిందట ఒస్నియేల్ ఆ కారుతోనే వాలులో గోడని గుద్దుకుని పోయాడు.

"తాగి నడిపాడంటున్నారు మేస్త్రీ. నా మొగుడు తాగితే పాడతాడు గానీ నడపడు," అంది. "రేపు ఓ పిల్లని పదిహేనో పుట్టినరోజుకి ఈ కార్లో ఊరేగించాలి. నేనే నడుపుతా. టాపు మొరాయిస్తోంది, అది చూస్తే చాలు. బ్రేకులు నువ్వు చూసినవేగా."

నేను చూసినవే.

ఈ పాత కార్లలో టాపుకీ బ్రేకులకీ ఒకటే ఆయిల్. ఆ ప్రమాదానికి ముందు, దొరక్క దొరక్క దొరికిన సీసా నా చేతిలో పెట్టి, "ముందు బ్రేకులకి పోయ్ మేస్త్రీ, మిగిల్తే టాపుకి," అన్నాడు ఒస్నియేల్. టాపు లేస్తే వీధంతా చప్పట్లు. బ్రేకు పడితే ఎవడు కొడతాడు? సీసా మొత్తం టాపు ఆయిల్ డబ్బాలో ఒంపాను. బ్రేకులకి ఆయిల్ బదులు షాంపూ పోశాను.

"మాటల్లేవేం మేస్త్రీ? నీ నోటికీ నూనె పెట్టాలా?"

"పని చూడనీ అమ్మా."

అలవాటుగా ముందు బ్యాటరీ తీసి నేలమీద పెట్టాను. బయట మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. షెడ్డులో తడి బట్ట వాసన, తుప్పు వాసన. వెనక సీటు లాగి టాపు డబ్బా మూత తిప్పాను.

ఎండిపోయి ఉంది. కారిన మరక కూడా లేదు.

అప్పుడు టాపు కదిలింది...

మెల్లగా లేచింది. చప్పుడు లేదు. నేను గొప్పలు చెప్పుకునే పద్ధతిలోనే... నిలువుగా లేచి, వంగి ఉన్న నా మెడ మీదికి వాలి ఆగింది.

ముందు సీటు దగ్గర... టక్. టక్.

బ్రేకు పెడల్. నేల దాకా దిగుతోంది. లేస్తోంది. మళ్ళీ దిగుతోంది. సీటు ఖాళీ. తోలు మాత్రం మనిషి బరువుకి లోపలికి నొక్కుకుపోయింది...

షాంపూ వాసన గుప్పుమంది.

"మేస్త్రీ..." ఒదాలిస్ గుసగుసలాడింది. "ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజు కాలి బూటుకి ఇదే వాసన. ఏంటిది?"

చెప్పెయ్, అనుకున్నాను. నోరు తెరిచాను.

"పాత బట్టకి తేమ తగిలితే అంతేనమ్మా."

పెడల్ ఆగింది. పైనే, గట్టిగా.

పెడల్ కింది చాప లాగి బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీశాను. అంచుదాకా ఆయిల్, నేను టాపుకి పోసిందే. షాంపూ చుక్క లేదు.

మర్నాడు ఊరేగింపు క్షేమంగా వాలు దిగింది. చుక్క ఆయిల్ లేకుండానే టాపు ఇప్పటికీ లేస్తోంది. వీధి నన్ను మెచ్చుకుని చప్పట్లు కొడుతోంది. ఒస్నియేల్ మాత్రం ఊరి నోట తాగుబోతే.

రోజూ నా షెడ్డు ముందుకి రాగానే ఆ కారు ఆగిపోతుంది. "నేను తొక్కలేదు మేస్త్రీ," అంటుంది ఒదాలిస్, నా మొహంలోకి చూస్తూ.

టాపుల గురించి నాకు తెలియనిది లేదు. ఆవిడకి ఆ ఒక్క మాట చెప్పడం ఇంకా నేర్చుకోలేదు.