ఉప్పుచేపల గోదాం మేడమీది గది

ఉత్తరాన, మంచుసముద్రం ఒడ్డున, వార్డో రేవులో ఉప్పుచేపల గోదాం ఉంది చూడండి, దాని మేడమీద ఒక గది ఉంది. పాటలు మిక్సింగ్ చేసే గది. అందులో ఒంటరిగా కూర్చుని పని చెయ్యొద్దని ఊళ్ళో అందరూ చెబుతారు. ఎందుకయ్యా అని అడిగితే మాత్రం కాఫీ కప్పులోకి చూస్తూ మాట మార్చేస్తారు.

ఆ మధ్య హాంబుర్గ్ నుంచి ఒకాయన వచ్చాడు. మిక్సింగ్ పనిలో పెద్ద పేరున్నవాడట. దెయ్యాలూ గియ్యాలూ నా దగ్గర చెల్లవని నవ్వి, బూట్లు మెట్ల దగ్గర విప్పి పైకెళ్ళాడు. కాసేపటికి మేజోళ్ళతోనే మంచులో పడి పరుగు! "నా వెనక ఎవరో ఊపిరి పీల్చారు" అన్నాడట... అంతే, మరో మాట లేదు. ఆ బూట్లు ఇప్పటికీ మెట్ల దగ్గరే ఉన్నాయి. మంచి తోలు బూట్లు. అయినా ఎవరూ ముట్టుకోరు.

ఆ గది హల్వోర్ అనే ముసలాయనది. తన కుర్చీలో కూర్చుని, పాట వింటూ వింటూనే పోయాడు. దుప్పితోలు పరిచిన ఆ చెక్క కుర్చీని ఎవరూ కదపలేదు. గది వెనక గోడ దగ్గర, ఉన్నచోటే ఉంది.

ఆయన దగ్గర ఒక ఈక్వలైజర్ ఉండేది. బూడిదరంగు ఇనపపెట్టె, దాని మొహాన లావుపాటి నాబులు. పాడినవాళ్ళ గొంతులో బేస్ పెంచాలన్నా, ట్రెబుల్ తగ్గించాలన్నా ఆ నాబులే తిప్పేవాడు. ఆ పెట్టెలోంచి దాటి వచ్చిన గొంతుకి ఒక వెచ్చదనం వచ్చేదని ఈ ఉత్తరపు తీరమంతా చెప్పుకునేవాళ్ళు. ఆయన పోయాక అదీ కాలిపోయి మూలపడింది. అయితే ఆయన బతికుండగానే ట్రాండ్‌హైమ్ కుర్రాళ్ళు వచ్చి, ఆ పెట్టెను అణువణువూ కొలిచి, దాని గుణమంతా కంప్యూటర్లోకి దించుకుపోయారు. ఇప్పుడది ప్లగిన్, అంటే కంప్యూటర్లో నడిచే పెట్టె. తెర మీద అదే బూడిదరంగు పెట్టె బొమ్మ, అవే నాబులు, మూల రంగు ఊడిన చోటు కూడా అలాగే. ఎర్రదీపం వెలిగితే పనిచేస్తున్నట్టు. చివరికి పాత పెట్టె చేసే సన్నటి గుయ్‌మనే చప్పుడు కూడా వదల్లేదు మహానుభావులు.

ఇక సున్నివ సంగతి. ఆమె హల్వోర్ దగ్గరే పని నేర్చుకుంది. ధైర్యవంతురాలేం కాదు, సాలీడుని చూసినా కుర్చీ ఎక్కుతుంది. కానీ ఆ రోజు ఆ గదికి వెళ్ళక తప్పలేదు. అక్క కోసం వెళ్ళింది.

అక్క పేరు తూరిడ్. పాడేది. ఆమె పాడుతుంటే వలలు బాగుచేసుకునేవాళ్ళు చేతులు ఆపేసేవాళ్ళు. గొంతులో కాయ లేచింది, కోసి తీశారు, ప్రాణం దక్కింది... గొంతు దక్కలేదు. ఇప్పుడు గుసగుస తప్ప మాట లేదు. ఆపరేషన్‌కి ముందు ఒకే ఒక్క పాట, ఒకే ఒక్కసారి పాడింది. నాన్న పడవ గురించి తనే కట్టిన పాట. మళ్ళీ పాడదామంటే గొంతు ఒప్పుకోలేదు. ఆ ఒక్క రికార్డింగే ఆమె గొంతుకి ఇక మిగిలిందల్లా.

అది చెల్లెలి చేతిలో పెట్టి ఒకటే అంది:

"ఇందులో నేనుంటే ఉంచు. వేరే ఎవరో ఉంటే చెరిపెయ్యి. మొహమాటపడకు."

ఆ సాయంత్రం బస్సులో తూరిడ్ వస్తోంది. వినడానికి. ఉంచాలో చెరపాలో తేల్చడానికి.

డిసెంబరు. ఈ కాలంలో సూర్యుడు మా వైపు మొహమే చూపించడు. మధ్యాహ్నం భోజనం వేళకే కిటికీ బయట కటిక చీకటి. సున్నివ హాంబుర్గ్ ఆయన బూట్ల పక్కన తన బూట్లు విప్పి, వాటికి కొంచెం ఎడంగానే పెట్టి, పైకెళ్ళింది.

పాటలో చివరి చరణం దగ్గర తూరిడ్ గొంతు పగిలింది. గాజుగ్లాసు మీద గీత పడ్డట్టు... చిన్నదే, కానీ వినపడుతుంది. సున్నివ ఆ చోటే మళ్ళీ మళ్ళీ పెట్టి వింది. దాన్ని ఎలాగైనా కప్పెయ్యాలని హల్వోర్ పెట్టెను తెర మీదికి తెచ్చి, తిప్పడం మొదలెట్టింది. ట్రెబుల్ పెంచితే పగులు పోయింది గానీ గొంతు రేకు డబ్బాలా అయింది. బేస్ పెంచితే ఎవరో లావుపాటి ఆవిడ పాడుతున్నట్టుంది. మధ్యలో కోస్తే ఎవరూ పాడుతున్నట్టే లేదు. ఎటు తిప్పినా అక్క జారిపోతోంది.

విసుగొచ్చి పాట ఆపేసింది. గదంతా నిశ్శబ్దం. స్పీకర్లలోంచి పెట్టె గుయ్‌మంటోంది, అంతే...

అప్పుడు వినపడింది.

*హ్హ్‌యా.*

చటుక్కున ఎవరో ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు.

సున్నివ వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయింది. ఎందుకంటే ఆ ఊపిరి ఆమెకు తెలుసు!

ఈ వైపు వాళ్ళకి ఒక అలవాటుంది. అవును అనడానికి మాట బయటికి అనరు, మింగుతారు. ఊపిరి లోపలికి లాగుతూ అందులోనే 'యా' కలిపేస్తారు. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో పక్కవాడికి గుండె పట్టేసిందనుకుని నీళ్ళు తేబోయాను. హల్వోర్ అయితే జన్మలో బాగుందన్న మాట ఎరగడు. వెనక కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. పని కుదిరిందా, ఆ ఊపిరి ఒక్కటి. దాని కోసం సున్నివ రోజుల తరబడి కాసుక్కూర్చునేది.

వెంటనే ట్రాండ్‌హైమ్‌కి ఫోన్ చేసింది. ఆ ప్లగిన్ తయారుచేసిన ఎస్పెన్‌కి.

"ఎస్పెన్... నీ పెట్టెలో హల్వోర్ ఉన్నాడు."

అవతల ఎస్పెన్ పడీపడీ నవ్వాడు.

"దొరికిపోయాడా ముసలాయన?"

సంగతేమిటంటే, ఆ గుయ్‌మనే చప్పుడుని కుర్రాళ్ళు అసలు పెట్టె నుంచే రికార్డు చేశారట. మొదలెట్టమంటారా అని ఎవరో అడిగితే, హల్వోర్ తన అలవాటు ప్రకారం ఊపిరి లాగాడు. అదీ రికార్డులో పడిపోయింది. కుర్రాళ్ళు అది గమనించేసరికే ఆయన పోయాడు. తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. అందుకే, ఆగకుండా తిరిగే ఆ చప్పుడు రికార్డు మళ్ళీ మొదటికొచ్చినప్పుడల్లా ఆయన అవునంటాడు. నమ్మకపోతే పెట్టె ఆపి చూడమన్నాడు ఎస్పెన్.

ఆపింది. ఎర్రదీపం ఆరింది. గుయ్‌మనే చప్పుడూ పోయింది. చెవులు రిక్కించుకుని ఎంతసేపు కూర్చున్నా ఊపిరీ లేదు, ఏమీ లేదు. సున్నివకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ మాత్రానికా ఊరంతా వణికిపోయింది! ఈ మాత్రానికా హాంబుర్గ్ ఆయన బూట్లు వదిలేశాడు!

అంతలో ఫోన్ మీద అక్క రాసిన మాట మెరిసింది. బస్సు దిగానని, నడిచి వస్తున్నానని.

ఇక ఒకటే హడావిడి. తెర చూస్తూ పనిచేస్తే హల్వోర్ తిట్టేవాడు, చెవులెందుకే నీకు అనేవాడు. అది గుర్తొచ్చి తెర ఆర్పేసింది. కళ్ళు మూసుకుని, తెర మీది నాబుల్ని తిప్పే, చేతికిందున్న పలక మీద వేళ్ళు పెట్టి, పాట మొదటినుంచీ పెట్టింది. కొంచెం ఇటు... ఇంకొంచెం... ఇదిగో, గొంతు విచ్చుకుంటోంది. మరికాస్త. ఇప్పుడు అక్క గదిలో నిలబడి పాడుతున్నట్టుంది. చివరి చరణం వచ్చింది. పగులు వచ్చింది. ఈసారి దాన్ని కప్పాలనిపించలేదు. అక్కడే కదా అక్క ఉంది అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వెనకనుంచి, *హ్హ్‌యా.*

"అలాగేలే ముసలాయనా" అంది సున్నివ ముక్కు తుడుచుకుంటూ. ఇప్పుడు భయం లేదు.

తూరిడ్ మెట్ల దగ్గర బూట్లు విప్పి పైకొచ్చింది. మెడకి ఉన్ని మఫ్లర్, ముక్కుమీద మంచు. చెల్లెలి పక్కన కూర్చుంది. సున్నివ పాట పెట్టింది. తూరిడ్ మొహం వంక చూడలేక తన వేళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయింది.

పాట అయిపోయింది. తూరిడ్ బుగ్గలు తడిసిపోయి ఉన్నాయి.

"ఇది నేనే" అని గుసగుసలాడింది. "పగిలిన చోటు కూడా నేనే. ఏం చేశావే?"

అడగాలే గానీ! సున్నివ పొంగిపోయి, పెట్టె చూపిద్దామని తెర వెలిగించింది.

బూడిదరంగు పెట్టె. నాబులన్నీ తిరిగి ఉన్నాయి. ఎర్రదీపం... ఆరి ఉంది.

ఇందాక ఎస్పెన్ చెబితే ఆపింది. మళ్ళీ వెయ్యనే లేదు. తిప్పిన తిప్పుళ్ళన్నీ గాలికే పోయాయి. ఈ పనిచేసేవాళ్ళకి జన్మలో ఒకసారైనా జరిగే పొరపాటే ఇది. ఆరిన పెట్టె తిప్పుతూ, ఆహా మెరుగైందే అని మురిసిపోవడం.

"నేనేం చెయ్యలేదక్కా" అంది మెల్లగా. "ఒక్క ముక్క కూడా. నువ్వు పాడింది పాడినట్టే ఉంది."

తూరిడ్ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. అలా ఎంతసేపున్నారో గానీ, ఉన్నట్టుండి సున్నివ వేళ్ళు బిగుసుకున్నాయి.

పెట్టె ఆరిపోయి ఉంటే... ఇందాక చరణం దగ్గర అవునన్నదెవరు?

అక్కకి చెవిలో చెప్పింది. ఇద్దరూ వెనక్కి తిరగలేదు. స్పీకర్లలో ఏ చప్పుడూ లేదు. రేవులో పడవ తాడు కిర్రుమంటోంది, అంతే.

తూరిడ్ కిటికీలోని చీకటి వైపే చూస్తూ, లేని గొంతుతో అడిగింది:

"ఉంచమంటావా, హల్వోర్?"

కుర్చీ మీద దుప్పితోలు కొంచెం కదిలిన చప్పుడు.

*హ్హ్‌యా.*

పాట బయటికి వచ్చింది. మీరూ వినే ఉంటారు, చివరి చరణంలో గొంతు పగిలిన చోట పగిలినట్టే ఉంటుంది. ఆ రాత్రి ఆ రికార్డింగ్‌ని గుండెకి హత్తుకుని కిందికి పరిగెత్తింది తూరిడేనట, చెల్లెలికన్నా ముందు.

ఆ మెట్ల దగ్గర ఇప్పుడు మూడు జతల బూట్లున్నాయి.