కుడికాలి బూటు

పెళ్ళి జరిగే నాటికి పెళ్ళికొడుకు చచ్చి తొమ్మిది రోజులైంది. ఆ సంగతి హోల్డెన్‌స్టైన్ కోటలో ఎవరికీ తెలియదు. మంచుకి దారులు మూసుకుపోయి, వార్త తెచ్చే మనిషి ఎక్కడో సత్రంలో చిక్కుకుపోయాడు.

వరుడు రాడని ముందే అనుకున్నదే. జర్మన్ సంస్థానాల్లో వరులు అంత దూరం రారు, బదులు మనిషిని పంపుతారు. యువరాజు ఎబర్‌హార్డ్ తన బాబాయి బోడో దొరని పంపాడు. చర్చిలో ఉంగరం తొడిగింది ఆయనే. ఇక మిగిలింది పక్క తంతు. పెళ్ళికూతురు నిండు బట్టలతో మంచం మీద పడుకుంటుంది. బదులు వరుడు కుడికాలి బూటూ మేజోడూ విప్పి, ఆ కాలిని దుప్పటి కింద పెట్టి ఆమె కాలికి తాకిస్తాడు. సాక్షులు చూస్తారు. అంతటితో పెళ్ళి ఖాయం.

"నవ్వకు తల్లీ," పెళ్ళికూతురు హెడ్విగ్ చెవిలో గొణిగింది ఆమెని పెంచిన దాది కునిగుండ. "ముసలాయనకి కీళ్ళవాతం. బూటు ఊడేసరికి వసంతం వచ్చేస్తుంది."

పదిహేడేళ్ళ హెడ్విగ్ పెదవి కొరుక్కుని పడుకుంది. మధ్యాహ్నమే, అయినా కిటికీల్లో వెలుతురు లేదు. మైనపు వత్తుల వాసన. తడి ఉన్ని వాసన. వాటి అడుగున... చెరువు బురద వాసన.

ఎడమవైపు పరుపు కుంగింది.

దుప్పటి కింద ఏదో ఆమె కాలిని తాకింది. చల్లగా. తడిగా. మడమ దగ్గర్నుంచి పైకి పాకి, పిక్కకి అంటుకుని... ఆగింది.

"దొరగారూ..." అంది హెడ్విగ్. "మీ కాలు మంచుగడ్డలా ఉంది."

జవాబు గది ఆ చివర నుంచి వచ్చింది. "కాస్త ఓపిక పట్టమ్మా! ఈ పాడు బూటు ఇంకా ఊడి చావలేదు. గట్టిగా లాగండర్రా!"

సాక్షులు ఘొల్లుమన్నారు.

హెడ్విగ్ లేవబోయింది. కాలి మీద బరువు... లేవలేకపోయింది. సాక్షుల మధ్య నిలబడ్డ తండ్రి కళ్ళతోనే గదిమాడు. కదలకు.

కాసేపటికి బోడో దొర కుంటుకుంటూ వచ్చి కాలు పెట్టాడు. అది వెచ్చగా ఉంది. కుడివైపు నుంచి వచ్చింది.

మూడోనాడు వార్త అందింది. వేటకెళ్ళిన ఎబర్‌హార్డ్ గడ్డకట్టిన చెరువు దాటుతుంటే మంచు పగిలిందట.

"అయితే నేను వెళ్ళక్కర్లేదా నాన్నగారూ?" ఆశ దాచుకోలేకపోయింది హెడ్విగ్.

"ఒప్పందం ఆ ఇంటితో, ఆ మనిషితో కాదు. తమ్ముడున్నాడుగా."

ఆమె వార్త తెచ్చినవాణ్ణి అడిగింది, శవం దొరికిందా అని.

"దొరికిందమ్మా. కుడికాలికి బూటూ మేజోడూ లేవు. ఎవరో కూర్చోబెట్టి విప్పినట్టు..."

సారె బండ్లతో పాటు ఆ మంచమూ బయల్దేరింది. తమ్ముడితో పెళ్ళయింది. పిలిచినప్పుడు అతని గదికి వెళ్ళింది, ముగ్గురు పిల్లల్ని కంది. తన మంచం మాత్రం ఎక్కకూడదని దారిలోనే నిశ్చయించుకుంది.

ఎవరూ పడుకోని ఆ మంచం మీంచి దాసీలు రోజూ పొద్దున్నే దుప్పటి తీసి, దాని ఎడమ సగాన్ని పొయ్యి సెగకి ఆరబెట్టేవారు. ఎందుకని ఆమె అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు హెడ్విగ్ కుర్చీలోనే నిద్రపోయింది, కాళ్ళు కిందికి జారకుండా ముడుచుకుని.