వెనక సీటు

శనివారం పొద్దున్నే లొరెయిన్ వంటింట్లో పెద్ద గిన్నెడు బీరులో ఉల్లిపాయలూ సాసేజ్‌లూ కుతకుత ఉడుకుతున్నాయి. ఏప్రిల్ వచ్చింది. రోడ్ల మీద మంచు కరిగింది. మిల్వాకీకి ఉత్తరాన, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అందరూ షెడ్డుల్లోంచి మోటార్‌సైకిళ్ళు బయటికి తీసే రోజు. ఆ రోజు తమ మోటార్‌సైకిళ్ళ దుకాణం ముందు పొయ్యి వెలిగించి, వచ్చినవాళ్ళందరికీ బన్నులో సాసేజ్ పెట్టడం లొరెయిన్ తండ్రి నాటి ఆనవాయితీ. ఆయన పోయాక దుకాణం అల్లుడి చేతికి, అంటే లొరెయిన్ మొగుడు రోలండ్ చేతికొచ్చింది. రోలండ్‌కి అరవై దాటాయి. తను అమ్మే ఆ బరువైన, గంభీరమైన బండి తప్ప లోకంలో ఇంకో బండి ఉందంటే ఒప్పుకోడు.

"నాన్నా, జూన్ నుంచి నేను ఎదురు షాపులో చేరుతున్నా," అంది కూతురు మార్నీ, కాఫీ పోసుకుంటూ.

ఎదురు షాపంటే రోడ్డుకి అవతల రంగురంగుల తేలికపాటి బండ్లు అమ్మేది. రోలండ్ వాటిని కుట్టుమిషన్లంటాడు.

"పొద్దున్నే ఏం వేళాకోళం ఇది?"

"వేళాకోళం కాదు. వాళ్ళడిగారు, నేను సరేనన్నా. మన దుకాణం వెనక స్థలంలో కొత్తవాళ్ళకి బండి నేర్పుతున్నా కదా, వాళ్ళలో ఒక్కరైనా మన దగ్గర కొన్నారా?"

"ఎందుకు కొంటారు? నా స్థలంలో నేర్పి, నా కాఫీ తాగించి, నువ్వే రోడ్డు దాటిస్తున్నావుగా!"

రోలండ్ గొంతు లేచిందిగానీ గుండెలో పడ్డది భయం. ఉన్నదొక్క కూతురు. తన తర్వాత ఆ తాళాలు ఆ పిల్ల చేతిలో పడతాయని నమ్ముకునే ఇన్నాళ్ళూ దుకాణం నడుపుతున్నాడు.

"సరే, ఎందుకు కొనరో చెప్పు. ధరేనా?"

"ధర ఒకటి. మన బండి డబ్బుతో వాళ్ళకి ఏడాది ఇంటద్దె గడుస్తుంది. బరువొకటి, పడితే లేపలేమని భయం. అయినా చూద్దామని వస్తారు నాన్నా. గుమ్మంలోనే మీ బల్ల ఉంటుంది."

తోలు కోట్లు వేసుకుని డ్వేన్, ఇంకొందరు పాతకాపులు కాఫీ తాగుతూ కూర్చునే బల్ల అది.

"వాళ్ళేం చేశారే? వచ్చినవాళ్ళని నోరారా పలకరిస్తారు."

"అవును, 'ఏ బండి నడుపుతావ్?' అని. ఇంకా బండే లేని పిల్ల ఏం చెప్పాలి? ఏదీ లేదంటే 'అయితే మీ ఆయన కోసం వచ్చావా?' అంటారు. ఈ ఇంటి పిల్లని, నాకే ఒళ్ళు మండుతుంది."

రోలండ్ భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు లొరెయిన్. నలభై ఏళ్ళు నాతో ఆ బండి మీద తిరిగావు."

"తిరిగాను, వెనక," అంది లొరెయిన్ గిన్నె మీద మూత పెడుతూ. "నువ్వు నడుపుతావా అని మా నాన్న అడగలేదు. నువ్వూ అడగలేదు."

"నీకిష్టమని నాకెలా తెలుస్తుంది?"

"అడిగితే తెలిసేది."

ఆమె చేతులు తుడుచుకుని ఆప్రాన్ విప్పి మొగుడి చేతిలో పెట్టింది. "మార్నీ, ఇవాళ నీ క్లాసులో ఇంకొకరికి చోటుందా?"

అలా ఆ ఏడాది పొయ్యి దగ్గర రోలండ్ నిలబడాల్సి వచ్చింది. సాసేజ్‌లు ఒకవైపు మాడుతున్నా అతని చూపు పక్క సందులోంచి కనబడే వెనక స్థలం మీదే ఉంది. లొరెయిన్ చిన్న బండి ఎక్కింది, కదలబోతూనే ఇంజన్ ఆగిపోతే పకపకా నవ్వింది. పక్కనున్న కుర్రకారూ నవ్వారు. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో రోలండ్‌కి గుర్తు రాలేదు. పట్టుకుందామని అటు పరిగెత్తాడు.

"నాన్నా, ఆ సున్నం గీత అవతలే ఉండు," అంది మార్నీ.

తిరిగి పొయ్యి దగ్గరికొచ్చేసరికి నర్సు బట్టల్లో ఒక అమ్మాయి గుమ్మం వైపు నడుస్తోంది. బల్ల మీంచి డ్వేన్ ప్రేమగానే అడిగాడు, "ఏ బండి నడుపుతావమ్మా?" అని. అందరూ ఒక్కసారిగా ఆ పిల్ల వైపు తిరిగారు. ఆ అమ్మాయి మొహమాటంగా నవ్వి, ఊరికే వచ్చానని చెప్పి, కారెక్కి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ రోలండ్ ఆ బల్ల మీద కూర్చున్నవాడేగానీ, దాన్ని ఎదురుగా నిలబడి చూసినవాడు కాదు. అతనికి సిగ్గేసింది.

"డ్వేన్, లేవరా. ఆ కొస పట్టుకో."

"ఏమైందిరా నీకు?"

"బల్ల పొయ్యి పక్కకి. మాట్లాడకుండా పట్టు."

గొణుక్కుంటూనే మోశారు పెద్దమనుషులు. క్లాసయ్యాక మార్నీ వెంట లొరెయిన్ ఎర్రబడ్డ బుగ్గలతో వచ్చింది. "రోలీ, నాకు బండి కావాలి. కాళ్ళు నేలకి ఆనేది."

అలాంటిది అతని దుకాణంలో లేదు. అది ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు. రోలండ్ పట్టకారు డ్వేన్ చేతిలో పెట్టి, "పద, కొందాం," అన్నాడు. రోడ్డు దాటబోతూ కూతురి దగ్గర ఆగాడు.

"కంపెనీవాడు చిన్న బండి ఎప్పుడు చేస్తాడో నా చేతిలో లేదు మార్నీ. గుమ్మం నా చేతిలో ఉంది. ఇకనుంచి అది నీది. ఎవరిని ఎలా పిలుస్తావో నీ ఇష్టం. జూన్ సంగతి ఇంకోసారి ఆలోచించు తల్లీ."

మార్నీ ఏదో అనబోయి, తండ్రి భుజం మీద తల ఆనించింది. సోమవారం ఎదురు షాపుకి ఫోన్ చేసి రానని చెప్పింది.

మే నెలలో, లైసెన్సు వచ్చాక, ఒక ఆదివారం మొగుడూ పెళ్ళాం సరస్సు పక్క రోడ్డు మీద బయల్దేరారు. ఆమె చిన్న ఎర్ర బండి ముందు, అతని పెద్ద బండి వెనక. ఎక్కడ పడిపోతుందోనని రోలండ్ ఆమె మీంచి చూపు తిప్పితే ఒట్టు.

ఒడ్డునున్న లైట్‌హౌస్ దగ్గర ఆగి లొరెయిన్ హెల్మెట్ తీసింది. "సరస్సు ఎంత బాగుందో చూశావా?"

ఇన్నేళ్ళూ ఆగిన ప్రతిచోటా ఆ మాట తనే అడిగేవాడు. చూశానని ఆమె నవ్వుతూ చెప్పేది. వెనక కూర్చున్న మనిషికి ఎదురుగా అతని వీపు తప్ప ఏముంటుంది? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి రోలండ్‌కి.

"చూశాను," అన్నాడు.