ఒక్క కన్ఫర్మేషన్

చచ్చినవాడి నోట్లో సిమ్ కార్డు ఉంది.

ధర్మపురి జిల్లా కారిమంగళంలో సంత ఇంకా పూర్తిగా కూడలేదు. లారీలోంచి కొబ్బరికాయలు దించుతున్న కూలీలు గోనెపట్టాల కింద ముడుచుకుని పడి ఉన్న మనిషిని చూసి కేకలు పెట్టారు. పోలీసులు రాకముందే పూలమ్మే మనిషి ఒకామె గుంపును తోసుకుంటూ లారీ ఎక్కింది. "అయ్యో, మా అన్న!" అంటూ శవం మీద పడి ఏడ్చింది. బిగుసుకున్న దవడల మధ్య తెల్లగా ఏదో మెరుస్తుంటే, ఆ ఏడుపులోనే వేళ్ళు దూర్చి లాగింది. లేచేసరికి సిమ్ ఆమె గుప్పిట్లో ఉంది.

ఆమె పూలమ్మే మనిషి కాదు. కేంద్ర నిఘా విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. పేరు ముత్తుసెల్వి. చనిపోయినవాడు బాల, అదే విభాగానికి ఇన్‌ఫార్మర్. ఆ ఉదయం సంతలో ఆమెను కలిసి ఒక పేరు చెప్పాల్సినవాడు.

సంత వెనక ఆగి ఉన్న కారులో ఆమె పై అధికారి గుణశేఖరన్ మురుకులు నములుతున్నాడు.

"తీసుకో," అని పొట్లం ముందుకు చాపాడు.

ముత్తుసెల్వి తన వేళ్ళ వైపు చూసుకుంది. చీర చెంగుకు ఎంత తుడిచినా శవం నోటి తడి ఇంకా అంటుకున్నట్టే ఉంది. "వద్దు సార్. బ్రీఫింగ్ చెప్పండి."

అతను సిమ్‌ను రీడర్‌లో పెట్టి, నంబరు ఎవరిదో వెతికాడు. "బాల మన కోసమే నోట్లో దాచినట్టున్నాడు. అంగమ్మాళ్ పేరు మీద ఉంది. సోగత్తూరు. బిల్డింగ్ పనికి పోయే కూలి మనిషి."

"కూలి మనిషికీ దీనికీ ఏం సంబంధం?"

"చెబుతాను. ముఠా పేరు ఆర్కిడ్. నడిపేవాడు కెస్లర్. విదేశంలో కూర్చుని నడుపుతాడు. ఈ జిల్లాకు తాగునీరు పంపే శుద్ధి కేంద్రంలో ఎవడో అమ్ముడుపోయాడు. నీళ్ళలో క్లోరిన్ మోతాదును దూరం నుంచే మార్చగల పాస్‌వర్డ్ అమ్ముతున్నాడు. ఈ రోజే. చెల్లింపు బిట్‌కాయిన్‌లో."

"బిట్‌కాయిన్ లెక్కలు బహిరంగమే కదా సార్. ఎవరైనా చూడొచ్చు."

"లెక్కలు బహిరంగం. మనుషులు కాదు. మధ్యలో బ్యాంకు లేదు. ప్రపంచమంతటా వేల కంప్యూటర్లు ఒకే ఖాతా పుస్తకాన్ని రాసుకుంటూ ఉంటాయి. రహస్య కీ ఎవడి దగ్గర ఉంటే వాడే సొమ్ముకు యజమాని. వాడు సంతకం చేసి పంపిన చెల్లింపు ముందు మెమ్‌పూల్‌లో పడుతుంది. అదొక వెయిటింగ్ హాలు అనుకో. మైనర్లు, అంటే ఆ పుస్తకంలో కొత్త పేజీ చేర్చడానికి పోటీపడేవాళ్ళు, ఫీజు ఎక్కువ ఇచ్చినవాటిని ముందు ఏరుకుంటారు. దాదాపు పది నిమిషాలకు ఒక పేజీ. దాన్నే బ్లాక్ అంటారు. బ్లాక్‌లోకి ఎక్కితే ఒక కన్ఫర్మేషన్ వచ్చినట్టు. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం అనే మాట మర్చిపో."

"ఎక్కకముందు?"

"కీ ఉన్నవాడు అదే సొమ్మును ఎక్కువ ఫీజుతో ఇంకోచోటికి మళ్ళించొచ్చు." గుణశేఖరన్ మురుకు విరిచాడు. "సొమ్ము అందుకునేవాళ్ళు సాధారణంగా పైన ఇంకో ఐదు పేజీలు పడి ఆరు కన్ఫర్మేషన్లు వచ్చేదాకా ఆగుతారు. అమ్మేవాడికి ఆత్రం ఎక్కువ. ఒక్కటి చాలన్నాడు. అది రాగానే వాడి ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌ను తనంతట తానే కెస్లర్‌కు పంపేస్తుంది."

"మరి అంగమ్మాళ్?"

"రూపాయల్ని బిట్‌కాయిన్‌గా మార్చాలంటే ఎక్స్‌ఛేంజీలో ఖాతా కావాలి. ఖాతాకు ఆధార్ కావాలి, అదే పేరు మీద సిమ్ కావాలి, ముఖం కావాలి. వాళ్ళు కూలివాళ్ళ ముఖాలు కొంటున్నారు. ఇది తమిళ జిల్లా అయినా సోగత్తూరువాళ్ళ ఇంటి భాష తెలుగు. నీదీ తెలుగే. అందుకే నువ్వు. ముఠా లోపల మన మనిషి ఒకడున్నాడు. చెట్టికరై రోడ్డులో కంప్యూటర్ అకాడమీ నడుపుతాడు. 'ఈ ఏడు మామిడి పూత ఎట్లుంది?' అని అడుగు. 'పూత ఉంది, పిందె నిలవలేదు' అంటే వాడే."

సోగత్తూరులో సగం కట్టిన మేడ ముందు అంగమ్మాళ్ ఇసుక జల్లిస్తోంది. ముత్తుసెల్వి ఇప్పుడు పూలమ్మే మనిషి కాదు, పనివాళ్ళను వెతుక్కుంటూ వచ్చిన మేస్త్రి పెళ్ళాం. తలలో మల్లెదండ, ముక్కుకు ఎర్రరాయి పుడక. ఆ రాయిలో కెమెరా, చెవికమ్మలో ఇయర్‌పీస్.

"అక్కా, నీ ఫోటో ఎవరికన్నా ఇచ్చినావా?"

అంగమ్మాళ్ జల్లెడ దించింది. "ఫోటో కాదు మా, వీడియో. మన మాట మాట్లాడే తంబి ఒకడు వచ్చినాడు. సినిమా హీరో మాదిరి ఉండాడు. అరివళగన్ అని పేరు. కండ్లు మూసి తెరువు అన్నాడు, తల ఇట్ల తిప్పు, అట్ల తిప్పు అన్నాడు. ఏదో గవర్నమెంటు స్కీము అన్నాడు. ఒక చీర ఇచ్చినాడు."

"చీర బాగుండాదా?"

"ఒక్కసారి ఉతికితే రంగంతా పోయింది." ఆమె నవ్వలేదు. "మా వీధిలో ఆడోళ్ళందరూ చేసినాము. ఇప్పుడు బ్యాంకుకు పోతే నా అకౌంటు ఆపేసినారంట. కూలి దుడ్డు లోపలే నిలిచిపోయింది. అందరి ముందరా ఆ బ్యాంకు సారు అడిగినాడు మా, 'దొంగతనం ఎన్ని దినాలుగా చేస్తా ఉండావు?' అని. నాకు చదువు లేదు గాని మానం లేదా?"

ముత్తుసెల్వి మనసులో ఒకే మాట తిరిగింది. మన మాట మాట్లాడే తంబి. పరాయివాడు వచ్చి ఉంటే ఈమె తలుపు దగ్గరే ప్రశ్నలు వేసి పంపేసేది. ఇంటి భాష వినబడగానే ముఖం చూపించింది.

అకాడమీ బోర్డు మీద అంగమ్మాళ్ చెప్పిన పేరే ఉంది. లోపల ఏసీ చల్లదనం, అత్తరు వాసన. గోడ మీద పెద్ద టీవీ. అరివళగన్ తెల్లని లినెన్ షర్టు చేతులు మడుచుకుంటూ లేచాడు. అంగమ్మాళ్ అబద్ధం చెప్పలేదు. మనిషి నిజంగానే అందగాడు. అది ఇంకా రోతగా ఉంది.

"ఈ ఏడు మామిడి పూత ఎట్లుంది?"

"పూత ఉంది, పిందె నిలవలేదు." అతను నవ్వి కుర్చీ లాగాడు. "రా అక్కా. మంచి టైముకు వచ్చినావు. గుణశేఖరన్ సార్ చెప్పినాడు."

బల్ల మీద ల్యాప్‌టాప్, దానికి తగిలించి బొటనవేలంత పరికరం, దాని మీద అంకెల మీటలు. హార్డ్‌వేర్ వ్యాలెట్. కీ దాని లోపలే ఉంటుంది. అరివళగన్ పిన్ నొక్కాడు. ముక్కుపుడక రాయి ఆ వేళ్ళ వైపే చూస్తోంది. అతను బటన్ నొక్కి, చేతులు దులుపుకున్నాడు.

"పోయింది."

"ఏమి పోయింది?"

"పాస్‌వర్డుకు దుడ్డు. చూడు." టీవీలో ఒక చెల్లింపు మెరిసింది. కింద ఎర్ర అక్షరాల్లో 'అన్‌కన్ఫర్మ్‌డ్'. "ఫీజు తక్కువే పెట్టినాను. ఊరికే ఎందుకు దండగ? వచ్చే బ్లాకులోనో, దాని తరువాత దానిలోనో ఎక్కుతుంది."

ముత్తుసెల్వి కమ్మను తాకింది. "సార్. చెల్లింపు వెళ్ళిపోయింది."

"తెలుసు," చెవిలో గుణశేఖరన్ గొంతు పలికింది. "వెళ్ళనివ్వు. పాస్‌వర్డ్ వెళ్ళే దారి పట్టుకుంటే కెస్లర్ దొరుకుతాడు. మూడేళ్ళ ఆపరేషన్ ఇది."

"నీళ్ళ సంగతి?"

"శుద్ధి కేంద్రానికి చెబుతాం."

"ఎప్పుడు?"

"తర్వాత."

అరివళగన్ ఫ్రిజ్‌లోంచి సీసా నీళ్ళు తీసి ఆమె ముందు పెట్టాడు. "భయపడొద్దు అక్కా. కెస్లర్‌కు ధర్మపురితో ఏమి పగ? ఇది డెమో. ఒక జిల్లాను చేసి చూపిస్తే, పెద్ద ఊర్లకు పెద్ద గిరాకీలు వస్తారు."

డెమో. ఆమె ఆ సీసా ముట్టలేదు.

"బాల ఎట్ల దొరికిపోయినాడు?"

అతను ఒక్క క్షణం గోళ్ళు చూసుకున్నాడు. "చంపింది నేను కాదు. పేరు చెప్పినాను, అంతే. అప్పుడప్పుడూ ఏదో ఒకటి ఇవ్వకుంటే నన్ను ఎవరు నమ్ముతారు? సార్‌కు తెలుసు కదా."

ఇయర్‌పీస్‌లో మురుకు విరిగిన చప్పుడు.

ఆ చిన్న చప్పుడుకు ముత్తుసెల్వికి లెక్క తేలిపోయింది. రెండు వైపులా జీతం తీసుకునే అందగాడు, వాణ్ణి మేపుతూ ముఖాలు అమ్ముడుపోతుంటే చూస్తూ కూర్చున్న ఆఫీసు, వీళ్ళిద్దరి మధ్య నోట్లో సిమ్ కార్డుతో బాల. ఆమె వ్యాలెట్ మీద చెయ్యి వేసింది.

"అది తాకొద్దు," అరివళగన్ గొంతు మారింది. సొరుగు లాగాడు. చేతిలోకి పిస్టల్ వచ్చింది.

బల్ల మీద అత్తరు సీసా ఆమెకే దగ్గరగా ఉంది. మూత తీసే తీరిక లేదు. బల్ల అంచుకు కొట్టి, పగిలిన సీసాలోని అత్తరంతా అతని కళ్ళలోకి విసిరింది. అతను అరిచాడు. గుండు పైకప్పులోకి పోయి తెల్లటి పొడి రాలింది. అతని మణికట్టును బల్లకేసి కొట్టి, పిస్టల్‌ను కాలితో తన్నేసింది. తలలోని మల్లెదండ లాగింది. పూల మధ్య ఉన్నది దారం కాదు, ఉక్కు తీగ. అతని రెండు చేతులూ కిటికీ ఊచకు బిగించేసింది.

"ముత్తుసెల్వీ!" చెవిలో గుణశేఖరన్ అరిచాడు. "ఇది ఆర్డర్. ఆ వ్యాలెట్ వదిలెయ్!"

"సార్, ఈ లైన్ రికార్డవుతోంది. ఢిల్లీకి కూడా పోతోంది. ఇంకేమైనా చెబుతారా?"

గుణశేఖరన్ లైన్ కట్ చేశాడు.

వ్యాలెట్ తెర ఆరిపోయి మళ్ళీ పిన్ అడిగింది. ఆమె ఫోన్ తీసి ముక్కుపుడక వీడియోను వెనక్కి జరిపింది. అరివళగన్ వేళ్ళు. మొదటి అంకెలు స్పష్టంగా ఉన్నాయి. చివరిది అతని ఉంగరం నీడలో పడింది.

"మూడుసార్లు తప్పితే మొత్తం చెరిపేసుకుంటుంది," కళ్ళు మూసుకునే అతను నవ్వాడు. "నాతో మాట్లాడు అక్కా. పాస్‌వర్డు అమ్మే ఇంజనీరు పేరు కూడా చెబుతాను. దానికి వేరే రేటు."

ఆమె చివరి అంకెగా ఎనిమిది నొక్కింది. తప్పు. ఐదు నొక్కింది. తప్పు. టీవీలో తాజా బ్లాక్ ఒకటి వచ్చి చేరింది. ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. అరివళగన్ పిసినారితనం వల్ల చెల్లింపు ఇంకా బయటే నిలబడి ఉంది.

వీడియోను ఇంకోసారి చూసింది. ఉంగరం కాదు, బొటనవేలిని చూసింది. చివరి అంకె దగ్గర అతని చెయ్యి కిందికి జారింది, వరుసలన్నీ దాటి. అడుగున ఉన్నది సున్నా ఒక్కటే.

తెర వెలిగింది.

ల్యాప్‌టాప్‌లో ఆ చెల్లింపు మీద 'రద్దు' ఎంచుకుంది. అదే సొమ్ము, బయల్దేరిన వ్యాలెట్‌కే తిరుగు ప్రయాణం. ఫీజు ఎంత అని తెర అడిగింది. అరివళగన్ ఏడ్చేటంత పెట్టి, వ్యాలెట్ బటన్ గట్టిగా నొక్కింది.

కొత్త చెల్లింపు ఎక్కడెక్కడి కంప్యూటర్లకో పాకింది. పాతదీ కొత్తదీ ఒకే సొమ్ము కోసం ఒకే గుమ్మం ముందు నిలబడ్డాయి. అంతలోనే టీవీ మినుకుమంది. బ్లాక్.

ఒక కన్ఫర్మేషన్.

ఏది ఎక్కిందో చూడడానికి ఆమె కుర్చీలోంచి లేవాల్సి వచ్చింది. కొత్తది ఎక్కింది. పాతదాని మీద గీత పడి, తెర మీంచి మాయమైంది.

బల్ల మీద అరివళగన్ ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది, మాట్లాడలేదు.

"సార్, మాదేశ్వరన్ మాట్లాడుతున్నాను," అవతలి గొంతు తమిళంలో బతిమాలింది. "ప్లాంటు నుంచి. ఇంకా కన్ఫర్మ్ కాలేదు సార్. ఏదైనా ప్రాబ్లమా?"

బాల చెప్పలేకపోయిన పేరు. అరివళగన్ వేరే రేటు కట్టిన పేరు. దానంతట అదే ఫోన్ చేసింది.

"నెట్‌వర్క్ రద్దీగా ఉంది సార్," అంది ముత్తుసెల్వి ఆఫీసు గొంతుతో. "మీరు అక్కడే ఉండండి. మనిషిని పంపుతున్నాం, డబ్బు చేతికే ఇస్తాడు. ఒక్క మాట. మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు?"

అవతల చిన్న నవ్వు వినబడింది. "క్యాన్ నీళ్ళే మేడమ్. ఎందుకు?"

"ఊరికే," అని పెట్టేసి, జిల్లా పోలీసు అధికారికి నేరుగా ఫోన్ చేసింది. ఆ తర్వాత వాష్‌బేసిన్ దగ్గరికి పోయి వాంతి చేసుకుంది.

మాదేశ్వరన్ ప్లాంటు గేటు దగ్గర, ఖాళీ సంచీతో ఎదురుచూస్తూ దొరికాడు. అరివళగన్ జైలు నుంచే అప్రూవర్‌గా మారతానని అర్జీ పెట్టుకున్నాడు. కెస్లర్ దొరకలేదు. ఢిల్లీ రికార్డింగ్ అంతా విని, గుణశేఖరన్‌ను ఇంకో రాష్ట్రానికి బదిలీ చేసింది, ఒక మెట్టు పైకి. ముత్తుసెల్వికి ఆర్డర్ ధిక్కరించినందుకు మెమో వచ్చింది.

ఆమె సెలవు పెట్టి అంగమ్మాళ్‌ను బ్యాంకుకు తీసుకుపోయింది. తన ఐడీ కార్డు బల్ల మీద పెట్టి, ఖాతా తెరిచేదాకా కదల్లేదు. దొంగతనం మాటన్న ఆఫీసరు అందరి ముందే అంగమ్మాళ్‌కు క్షమాపణ చెప్పాడు. చెప్పేటప్పుడు కూడా కంప్యూటర్ వైపే చూస్తున్నాడు.

సోగత్తూరు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. అంగమ్మాళ్ వీధి కొళాయి తిప్పి చెంబు నింపింది.

"తాగు మా. కొంచెం కంపు కొడుతుంది. ఏమి భయమో ఏమో, నాలుగు దినాలుగా మందు జాస్తిగా కలుపుతా ఉండారు."

ముత్తుసెల్వి చెంబు ఎత్తింది. క్లోరిన్ ఘాటు ముక్కుకు తగిలింది. ఈ కేసు మొదలైనప్పటి నుంచి ఆమెకు తగిలిన కంపులన్నిటిలో చావాల్సిన క్రిములనే చంపుతున్నది ఇదొక్కటే. చెంబు ఖాళీ చేసి, ఇంకో చెంబు అడిగింది.