ప్రతిబాల

కళింగపట్నం శిక్షణ కేంద్రం వరండాలో టీచర్లంతా తమ వంతు కోసం కూర్చున్నారు. లోపలికి వెళ్లినవాళ్లలో సగం మంది మొహాలు వేలాడేసుకుని తిరిగి వస్తున్నారు. 2086లో డిగ్రీ ఎంత పెద్దదైనా సరే, ప్రతిబాల దగ్గర నెగ్గితే తప్ప తరగతి గదిలో అడుగుపెట్టనివ్వరు.

ప్రతిబాల అంటే యంత్రం అల్లిన పిల్ల. వేలమంది పిల్లల మాటతీరు నేర్చుకున్న కృత్రిమ మేధ. వచ్చిన ప్రతిసారీ వేరే గొంతు, వేరే కష్టం. కష్టాన్ని నేరుగా చెప్పదు. గుచ్చి గుచ్చి అడిగితే మూగబోతుంది. ఓపిగ్గా వింటే కొంచెం కొంచెంగా విప్పుతుంది. అదే యంత్రం బళ్లలో ఇంకో పని చేస్తుంది. అక్కడ దాని పేరు ఆలకి. పిల్లలు చెప్పుకునేది వింటుంది, మాటల్లో ప్రమాదం తోచగానే కౌన్సెలర్‌కి లైను కలుపుతుంది. చంద్రుడి మీది గనుల కాలనీ బడిలో కూడా ఆలకి ఉంది.

బొడ్డేపల్లి హన్విక ఈ పరీక్ష రాకముందు ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన టీచరు. కిందటిసారి ప్రతిబాల "ఎవరికీ చెప్పకండి" అని ఏడిస్తే మనసు కరిగి మాటిచ్చేసింది. అక్కడే తప్పింది. యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ రెహాన్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"రహస్యం దాస్తానని మాటిస్తే మీ చేతులు మీరే కట్టేసుకున్నట్టు మేడమ్. దాచే అధికారం చట్టం మనకివ్వలేదు. విన్న టీచరు చెప్పి తీరాలి. ఎవరికి చెప్తారో పిల్లకి ముందే చెప్పండి, చాలు."

ఈసారి ఆమె లోపల కూర్చోగానే తెర మీద నీడైనా కదలలేదు. గొంతు మాత్రం వినిపించింది.

"ఎవులైనా ఉన్నారా?"

"ఉన్నానమ్మా. నీ పేరేంటి?"

జవాబు కాసేపటికి గాని రాలేదు. "నూకాలు. ఐదో తరగతండి."

ముత్తవ్వల పేర్లు మళ్లీ వాడుకలోకి వచ్చిన రోజులవి. ప్రతి మాటకీ ముందు అదే నిదానం. మునుపైతే హన్విక ఆ ఖాళీలో ఇంకో ప్రశ్న దూర్చేసేది. ఈసారి ఊరుకుంది.

"మా కసరత్తు మాస్టారికి కోపం ఎక్కువండి. ఎనకబడితే గాలి గదిలో పెట్టేస్తారు. దీపం ఆర్పేసి, బయట తలుపు తీసేస్తానంటారు."

గాలి గది అంటే చంద్రుడి మీద ఇళ్లకీ బయటి శూన్యానికీ మధ్య ఉండే చిన్న గది. దాని బయటి తలుపు తెరుచుకుంటే ఊపిరి ఉండదు. ఈ కష్టం అల్లిన యంత్రానికి ఊహ బాగానే ఉంది అనుకుంది హన్విక. మాస్టారు బెదిరించడానికి అని ఉంటారేమో అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నానమ్మా. ఇందులో నీ తప్పేమీ లేదు."

"ఎవులికీ చెప్పనని ఒట్టెయ్యండి. మాయమ్మకి తెలిస్తే ఏడుస్తాది."

"ఒట్టెయ్యలేను తల్లీ. నిన్ను ఆ గదిలో పెట్టకుండా ఆపగలిగినవాళ్లకి చెప్పాలి. వాళ్లు బాలల రక్షణ అధికారులు. పిల్లల్ని అలా భయపెట్టే హక్కు ఏ మాస్టారికీ లేదు. భయం లేకుండా చదువుకునే హక్కు నీకుంది."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. పోయింది, ఈసారీ తప్పాను అనుకుంది.

"ఐతే బేగి చెప్పండి. గంట కొట్టేస్తారు. నాను సామాన్ల గది ఎనకాల దాక్కున్నాను."

హన్విక అధికారులకి లైను కలిపే ఎర్ర మీట నొక్కి, విన్నది విన్నట్టు చెప్పింది. "అక్కడే ఉండు. నాతో మాట్లాడుతూ ఉండు" అంది పిల్లతో. ఏవో కబుర్లు సాగుతుండగా అవతల ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. "నూకాలూ, నన్ను టీచరుగారు పంపారమ్మా. రా." లైను ఆగిపోయింది.

హన్విక నవ్వుకుంటూ బయటికొచ్చింది. గంట తరవాత గాని రెహాన్ ఆమెను పిలవలేదు. "నెగ్గానా డాక్టరుగారూ?"

రెహాన్ మొహం పాలిపోయి ఉంది. "కూర్చోండి మేడమ్. అది పరీక్ష కాదు. ఆ పిల్ల నిజంగానే చంద్రుడి మీద ఉంది. గొంతులో భయం విని ఆలకి కౌన్సెలర్ కోసం చూసింది. లైన్లేవీ ఖాళీ లేకపోతే మీకు కలిపేసింది. జవాబులు ఆలస్యంగా వచ్చింది అందుకే. మాట అంత దూరం పోయి రావాలి కదా."

ఆమె కూర్చోలేదు. "పిల్ల ఎలా ఉంది?"

"క్షేమంగా ఉంది. మాస్టారిని పోలీసులు తీసుకెళ్లారు. గాలి గదిలో అప్పటికే ఇంకో పిల్లాడున్నాడట. వాణ్నీ బయటికి తెచ్చారు."

హన్విక రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఏడుస్తుంటే గుండె తేలికపడింది.

రెహాన్ యంత్రం వైపు తిరిగాడు. "మేడమ్‌కీ, ఆ పిల్లకీ అసలు సంగతి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన ప్రతిసారీ ఏం జరిగిందో నా దగ్గరుంది" అంది యంత్రం. "వింటున్నది మనిషి అనగానే పిల్లలు మాట మార్చారు. చెబుతున్నది నిజం పిల్ల అనగానే టీచర్లు ముందు ఏ స్కూలని అడిగారు, తరవాత సాక్షులున్నారా అని అడిగారు. యంత్రం అనుకున్నప్పుడు ఇద్దరూ నిజాయితీగా ఉన్నారు."

హన్విక కళ్లు తుడుచుకుంది.

"నీ లెక్క సరైందే అవచ్చు. కానీ తన గోడు ఎవరు విన్నారో తెలుసుకోవడం కూడా ఆ పిల్ల హక్కే. నేనే చెప్తాను."

సాయంత్రం అధికారుల అనుమతితో, పక్కన తల్లిని కూర్చోబెట్టుకుని నూకాలు మళ్లీ లైనులోకి వచ్చింది. ఈసారి తెర మీద రెండు జడల పిల్ల కనిపించింది.

"మీరు మనిషా అండి?"

"మనిషినేనమ్మా. లెక్కల టీచర్ని."

పిల్ల మొహం ముడుచుకుంది. "ఆలకి అనుకున్నాను. మనిషని తెలిస్తే చెప్పకపోదును."

"నేనూ నిన్ను మిషనే అనుకున్నాను. నిజం పిల్లవని తెలిస్తే కంగారుపడి ఏదేదో అడిగేసి ఉందును."

నూకాలు తల్లి వైపు చూసింది. తరవాత హన్విక వైపు చాలాసేపు చూసింది. హన్విక ఏమీ అడగలేదు.

"మనిషైనా పరవాలేదు" అంది నూకాలు చివరికి. "ఇంకో మాట ఉంది. చెప్పీమంటారా?"

హన్విక కుర్చీ ముందుకి జరుపుకుంది.