కలుపు మొలవని కుండీలు

ఉదయం 7.40కి శవాలు కనిపించాయి. మొత్తం యాభై ఎనిమిది.

ఇన్‌స్పెక్టర్ 9.15కి చేరుకునేసరికి అవి వరసగా నిలబడే ఉన్నాయి. ఒక్కొక్కటి జానెడు ఎత్తు. ఆకులు ముడుచుకుపోయి, వేలు తగిలితే పొడయ్యేలా ఉన్నాయి. ప్రతి కుండీ మెడకూ ఒక ఎర్ర చీటీ వేలాడుతోంది.

"ఇవా?" అందామె. "వీటికోసమా నన్ను పరిగెత్తించారు?"

ఆమెకు అసలే ముక్కు మీద కోపం. దానికి తోడు ఆ రోజు మోకాళ్ళ నొప్పి. రెండేళ్ళుగా చినుకు లేదు; నీళ్ళ ట్యాంకర్ల దగ్గర కొట్లాటలతోనే స్టేషన్ నిండిపోతోంది. ఇప్పుడు మొక్కల హత్య కూడానా?

"ఐదేళ్ళ పరిశోధన మేడమ్," అన్నాడు వనపరిశోధన కేంద్రం డైరెక్టర్. మనిషి అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు. "కలుపు మందు పోసి చంపేశారు. ఎవరో తెలుసుకోవడానికి మీరు కష్టపడక్కర్లేదు. అదిగో, కూర్చుంది."

కుళాయి పక్కన బోర్లించిన బకెట్ మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఒళ్ళో గడ్డి టోపీ. పద్నాలుగేళ్ళుగా ఈ నర్సరీలో కలుపు తీస్తోంది. అందరూ ఆమెను పిన్నీ అని పిలుస్తారు. ఆ పిలుపులో చుట్టరికం మాత్రం లేదు.

ఆమె పనిముట్ల పెట్టెలో, కొడవలి కింద, లీటరు కలుపు మందు సీసా దొరికింది. ఖాళీది.

"అరెస్ట్ చేసి తీసుకెళ్ళండి," అన్నాడు డైరెక్టర్. "సాయంత్రానికల్లా క్వార్టర్ ఖాళీ చేయిస్తాను. సామాన్లు రోడ్డు మీద పెట్టిస్తాను."

"నేను పోయలేదు," అంది పిన్ని. "పోస్తే పోశానని చెప్పేదాన్ని. నాకెవరి భయం?"

"అబద్ధం!"

అరిచింది పరిశోధకురాలు. చచ్చినవి ఆమె మొక్కలు. ముప్పై ఏళ్ళ బక్కమనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

"నీ మొక్కలు మాడిపోనూ అని మొన్నామధ్య నువ్వే కదా అన్నావు?"

"అన్నాను. నీ కొలబద్ద కనబడకపోతే నన్ను దొంగమొహం అన్నావు. దానికి దీవించమంటావా?"

"నోర్ముయ్యండి ఇద్దరూ!" ఇన్‌స్పెక్టర్ గొంతుకు నర్సరీ అంతా నిశ్శబ్దమైంది. పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ కూడా అలవాటుకొద్దీ నోరు మూసుకున్నాడు.

అప్పుడు ఒకాయన రెండు గ్లాసులతో వచ్చాడు. ఒకటి ఇన్‌స్పెక్టర్‌కి, రెండోది పిన్నికి. నలభై ఏళ్ళుంటాయి. మెత్తటి మాట. సీనియర్ సైంటిస్ట్. ఆ కేంద్రంలో అందరికీ అన్నయ్యే.

"ఊరుకో చెల్లమ్మా," అన్నాడు పరిశోధకురాలితో. "పిన్ని పెద్దావిడ. కోపంలో ఏదో చేసి ఉంటుంది. పోలీసులు కూడా కాస్త దయగా చూస్తారులే."

ఇన్‌స్పెక్టర్ నీళ్ళు తాగింది. ఉదయం నుంచి ఈ ఆవరణలో మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి అతను. ఆమెకు ఎందుకో అది నచ్చలేదు.

"ఒక్క విషయం మేడమ్," అన్నాడతను. "ఈ మట్టిలో విషం ఉంది. ఎక్కువసేపు ఉంచకూడదు. నాలుగు గంటలకు గోతిలో పోసి కాల్చేయమని డైరెక్టర్‌గారు సంతకం పెట్టారు."

"నాలుగు దాకా టైముంది కదా," అంది ఇన్‌స్పెక్టర్.

10.05. నీడ వల కింద పరిశోధకురాలిని నిలబెట్టింది.

"మొత్తం కుండీలెన్ని?"

"నూట ఇరవై. అరవై ఎర్ర చీటీ, అరవై నీలం. ఎర్రవాటిలో రెండు ఇంకా పూర్తిగా చావలేదు."

"తేడా?"

"ఎర్రవాటిలో అడవి మట్టి, తెచ్చింది తెచ్చినట్టు. నీలంవాటిలో అదే మట్టి, కానీ బాయిలర్‌లో ఆవిరి పట్టించింది. లోపల బతికున్నదేదైనా చచ్చిపోతుంది."

"మట్టిలో బతికేదేముంటుంది?"

"కంటికి కనిపించని బూజు. పోగులు పోగులుగా వేళ్ళను చుట్టుకుంటుంది. వేరు వెళ్ళలేని సందుల్లోంచి నీళ్ళు లాగి మొలకకు అందిస్తుంది. కరువులో అడవి మొలక బతకాలంటే అదే దిక్కు. మన కొండ మీద వయ్యారిభామ కలుపు పాకిన చోటల్లా ఆ బూజు చచ్చిపోతోంది. అందుకే చెట్లు రావట్లేదు. అది రుజువు చేయడానికే పదిరోజులకొకసారి మాత్రం నీళ్ళు పోశాం."

"అంటే ఎర్రవి బతకాలి, నీలంవి చావాలి?"

"అవును. జరిగింది తలకిందులు. నీలంవి నిక్షేపంలా ఉన్నాయి."

"ఒక్కరోజులో చచ్చాయా?"

"లేదు. వారం కిందటే ఎర్రవి వాడాయి. మట్టిని ల్యాబ్‌కి పంపాలి అనుకున్నాను. మీటింగ్ కోసం నాలుగు రోజులు బయటికెళ్ళాను. వచ్చేసరికి ఇదిగో, ఇలా."

"ల్యాబ్ సంగతి ఎవరికి చెప్పారు?"

"అన్నయ్యకి. వెళ్ళే ముందు ఆయనకే అప్పజెప్పాను."

"కుండీలు నింపిందెవరు?"

"ఆయనే. నేను జ్వరంతో మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఏ చీటీ దేనికో కాగితం మీద రాసిచ్చాను. ఆయన లేకపోతే ఈ పనే మొదలయ్యేది కాదు."

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళను తిట్టుకుంటూ వంగి ఎర్ర చీటీ కుండీలను ఒక్కొక్కటే చూసింది. మట్టి నున్నగా, బోసిగా ఉంది. తరవాత నీలంవి చూసింది. వాటిలో మొలక పక్కనే అక్కడక్కడా రెండాకుల పిల్లమొక్కలు తల ఎత్తుతున్నాయి.

"ఇవేంటి?"

"వయ్యారిభామే. పిన్ని పీకలేదేమో. ఒక్క పని సరిగ్గా చేయదు."

11.20. ఇన్‌స్పెక్టర్ ఆవరణంతా తిరిగింది. గడ్డి ఎండిపోయింది. గోడ పక్కన వేసిన పూలమొక్కలు ఎండిపోయాయి. వయ్యారిభామ మాత్రం నడుము ఎత్తున, నిమ్మకు నీరెత్తినట్టు, తెల్లపూలతో ఊగుతోంది. కరువంటే దానికి లెక్కే లేదు.

బాయిలర్ గదిలో బస్తాలు పేర్చి ఉన్నాయి. ప్రతి బస్తాకూ ఒక ఎర్ర చీటీ. చీటీలు బాగా పాతబడ్డాయి.

"ఇవేం బస్తాలు?" అని బాయిలర్ నడిపేవాడిని అడిగింది.

"ఆవిరి పట్టినవి మేడమ్. వేడి కాబట్టి ఎరుపు. పదేళ్ళ కిందట అన్నయ్య ఈ గది చూసుకునేటప్పుడు పెట్టిన పద్ధతి."

ఇన్‌స్పెక్టర్ ఒక చీటీని తిప్పి చూసింది. భవనం వెనకవైపు నడిచింది. అక్కడా వయ్యారిభామే. ఒక కిటికీ కింద మాత్రం చాపంత మేర అది పసుపు పచ్చగా మారి, కొసలు మెలితిరిగి పడి ఉంది.

"ఈ కిటికీ ఎవరి గదిది?"

హెడ్ కానిస్టేబుల్ చుట్టూ తిరిగి వెళ్ళి, తలుపు మీద బోర్డు చదివి వచ్చాడు. చెప్పాడు.

12.10. పిన్ని ఇంకా బకెట్ మీదే ఉంది.

"కలుపు ఎప్పుడు పీకుతావు?"

"పొద్దున ఆరింటికి. ఆ మహాతల్లి తొమ్మిదికి వచ్చేసరికి కుండీలు అద్దంలా ఉండాలి. లేకపోతే నా పని అయిపోయినట్టే."

"ఏ కుండీల్లో ఎక్కువ మొలిచేది?"

"నీలం చీటీవాటిలోనే. పీకలేక చచ్చేదాన్ని."

"ఎర్రవాటిలో?"

"ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు."

"ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"ఎవరడిగారు?" పిన్ని ఉమ్మి దూరంగా ఊసింది. "నేను నోరు తెరిస్తే దొంగమొహం అంటారు. ఓ రోజు అన్నయ్యతో అన్నాను, నీలంవాటితో వేగలేకపోతున్నానని. మూడు వారాలైంది. ఆయన మంచి మనిషి. 'ఎండలో నీకెందుకు పిన్నీ కష్టం, ఇకనుంచి ఈ కుండీల కలుపు నేను పీకుతాను, నువ్వు బయట పని చూసుకో' అన్నాడు. ఈ టోపీ కూడా ఆయనే కొనిచ్చాడు." ఆమె గొంతు మొదటిసారి మెత్తబడింది. "పద్నాలుగేళ్ళలో నాకు ఎండ తగులుతుందని గుర్తొచ్చింది ఆయనొక్కడికే."

ఇన్‌స్పెక్టర్ టోపీ వైపు చూసింది. ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది. ఇంతకుముందు వచ్చిన కోపం ఇలాంటిది కాదు.

3.30. కుండీలను గోతి దగ్గరకు మోసే బండి సిద్ధంగా ఉంది. ఇన్‌స్పెక్టర్ దాని ముందు నిలబడింది. నలుగురినీ పిలిపించింది.

"మీ టైం అయిపోతోంది," అన్నాడు డైరెక్టర్. "అరెస్ట్ చేస్తున్నారా లేదా?"

"చేస్తున్నాను. ముందు ఒక ప్రశ్న. కలుపు మందు పోస్తే ముందు ఏది చావాలి?"

"కలుపు."

"మరి చచ్చిన కలుపు ఏది? ఈ ఎర్ర కుండీల్లో ఎండిన పరక కూడా లేదు. కలుపు చావలేదు, ఎందుకంటే అసలు మొలవనే లేదు. అడవి మట్టిలో వయ్యారిభామ విత్తనాలు గుప్పెళ్ళతో ఉంటాయి. అది మొలవని మట్టి ఎక్కడుంటుంది?"

పరిశోధకురాలి ముఖంలో రక్తం ఇంకిపోయింది. "బాయిలర్‌లో."

"ఎర్ర చీటీవి ఆవిరి పట్టిన కుండీలు. నీలంవి అడవి మట్టివి. వీటిని ఎవరూ చంపలేదు. కరువుకి చచ్చాయి, మీరు అనుకున్నట్టే. శవాలకు పేర్లు మారాయి, అంతే."

"పరీక్షించకుండా ఎలా చెప్తారు?" అన్నాడు డైరెక్టర్.

జవాబు చెప్పకుండానే పరిశోధకురాలు వంగింది. ఎర్ర చీటీ కుండీలోంచి ఒకటి, నీలం చీటీ కుండీలోంచి ఒకటి మొలకను పెకలించి వేళ్ళు నీళ్ళలో కడిగింది. జేబులోంచి భూతద్దం తీసింది. ఎండిన మొలక వేళ్ళు గోధుమరంగులో బోసిగా ఉన్నాయి. పచ్చగా ఉన్నదాని వేళ్ళ కొసలకు తెల్లటి సన్నపోగులు తొడుగులా అల్లుకుని ఉన్నాయి.

"బతికే ఉంది," అందామె. "బూజు ఇందులోనే ఉంది. నా మొక్కలు బతికే ఉన్నాయి."

"చీటీలు కట్టింది అన్నయ్య," అంది ఇన్‌స్పెక్టర్. "వేడిదానికి ఎరుపు. పదేళ్ళ అలవాటు. కాగితం మీద ఏముందో చూడకుండా చేతులు వాటి పని అవి చేసేశాయి."

అన్నయ్య నవ్వాడు. నుదుటి మీద పట్టిన చెమట మాత్రం నవ్వలేదు. "అయ్యో, పొరపాటు జరిగిపోయిందేమో చెల్లమ్మా. నాకు తట్టనే లేదు."

"తట్టింది. మూడు వారాల కిందట, పిన్ని నీలం కుండీల గురించి చెప్పిన రోజున. ఆ రోజే కలుపు పని ఆవిడ చేతిలోంచి లాక్కున్నావు. సీనియర్ సైంటిస్ట్ రోజూ పొద్దున ఆరింటికి గొంతుక్కూర్చుని కలుపు పీకుతాడా? ఈమె ఊళ్ళో లేని నాలుగు రోజులూ సోమరితనం పుట్టింది, అందుకే పిల్లమొక్కలు కనిపించాయి."

"సహాయం చేయడం నేరమా?"

"మట్టి ల్యాబ్‌కి వెళ్తే నీ తప్పు బయటపడుతుంది. అదే విషం కలిసిందంటే మట్టిని కాల్చేయొచ్చు. విషం కావాలంటే సీసా కావాలి. సీసాకి ఒక మనిషి కావాలి. నోటిదురుసు మనిషైతే ఇంకా మంచిది, ఎవరూ వెనకేసుకురారు. సీసాలోని మందు నీ కిటికీలోంచి పారబోశావు. ఈ ఆవరణ మొత్తంలో వయ్యారిభామ చచ్చింది నీ కిటికీ కింద ఒక్కచోటే."

డైరెక్టర్ మొదటిసారి తన సంతకం ఉన్న కాగితం వైపు చూసుకున్నాడు.

"వచ్చే నెల నాకు ప్రమోషన్," అన్నాడు అన్నయ్య. గొంతులో మెత్తదనం ఎక్కడికో పోయింది. "చీటీలు కట్టడం చేతకాని వాడినని నలుగురిలో ఎలా చెప్పను? ఆవిడకేం పోతుంది? ఇక్కడ కాకపోతే ఇంకోచోట కలుపు పీకుతుంది."

"పొరపాటుకు నా దగ్గర సెక్షన్ లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "సీసాకి ఉంది. నడు."

హెడ్ కానిస్టేబుల్ అతని జబ్బ పట్టుకున్నాడు.

పరిశోధకురాలు పిన్ని ముందుకొచ్చి నిలబడింది. క్షమించమని అడుగుతుందనుకున్నారు అందరూ.

"నీలంవాటిలో మొలుస్తోందని నాకెందుకు చెప్పలేదు?" అందామె.

"నన్ను మనిషిలా ఎప్పుడు పలకరించావు?" అంది పిన్ని.

డైరెక్టర్ ఏదో పని గుర్తొచ్చినట్టు భవనంలోకి వెళ్ళిపోయాడు. క్వార్టర్ మాట ఎత్తలేదు. తప్పయిందనీ అనలేదు.

ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కబోతుంటే పిన్ని వెనకే వచ్చింది. టోపీ చేతిలో ఉంది.

"అమ్మా. కలుపు సంగతి అర్థమైంది. మరి ఈ టోపీ? ఇది కూడా అందుకేనా? నిజంగా ఎండకేనేమో కదా?"

ఒక్క అబద్ధం ఆడితే పోయేదేముంది? ఇన్‌స్పెక్టర్ నోటిదాకా వచ్చింది. కానీ పొద్దున్నుంచీ ఈవిడ చుట్టూ తియ్యటి అబద్ధమే తిరిగింది.

"అందుకే," అంది.

పిన్ని తల ఊపింది. టోపీని తీసుకెళ్ళి ఎండిపోయిన ఒక కుండీ మీద బోర్లించింది. తరవాత నీలం చీటీల వరస దగ్గరికి నడిచి, వట్టి తలతో ఎండలో కూర్చుంది. చెయ్యి కలుపు మొలక మీదికి వెళ్ళి ఆగింది.

"ఇది పీకాలా, ఉంచాలా?" అని గట్టిగా అడిగింది, ఎవరి వైపూ చూడకుండా.

"ఉంచు," అంది పరిశోధకురాలు. "ముందు ఏయే కుండీల్లో మొలిచిందో చెప్పు, రాసుకుంటాను," అంటూ పుస్తకం తెరిచింది.