ఖోఖాకు పెట్టిన బొట్టు

గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో ఇత్తడి తోమే వేళ. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో, తోర్వా పేటలో ఈ ఇల్లు కట్టుకోకముందు, రైల్వే క్వార్టర్‌లో ఉన్నప్పుడూ అంతే. శుక్రవారం పూజకి కుందులు, గంట, హారతి పళ్ళెం చింతపండుతో తోమి, తుడిచి, పీట మీద వరసగా పెట్టి, ఒక్కోదానికీ ఉంగరపు వేలితో బొట్టు పెడతాను. మా అత్తగారు అసిరమ్మ నేర్పిన పద్ధతి. నలభై ఏళ్ళుగా చేస్తున్నానేమో, నేను చూడకపోయినా చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

ఆ గురువారం మా అబ్బాయి జయప్రకాష్ ఒక రేకు డబ్బా తెచ్చి కుళాయి దగ్గర బోర్లించాడు.

"అమ్మా, ఇవి కూడా నీ చింతపండులో వేసీ."

తూటా కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు. ఖోఖాలంటారు వాళ్ళ రైఫిల్ క్లబ్బులో. వాడు లోకో షెడ్డులో పని చేస్తాడు. సెలవు రోజుల్లో తఖత్‌పూర్ దారిలో ఉన్న ఆ క్లబ్బుకెళ్ళి, అట్ట మీద గీసిన గుండ్రాలని కాలుస్తాడు. కాల్చిన ఖోఖాలు శుభ్రం చేసి, అనుమతి తీసుకుని, మళ్ళీ మందు కూరి వాడుకుంటారు. తోమే మిషను పాడైందట. మర్నాడు పొద్దున్న పదింటికి పోటీ.

"ఎక్కువసేపు నానబెట్టకు. పులుపు తాగితే ఇత్తడి ఎర్రబడిపోద్ది, బలం ఉండదు."

"నాకు చెప్తున్నావేటిరా ఇత్తడి గురించి?" అన్నాను.

కోడలు తనూజ బట్టలు ఆరేస్తూ నవ్వింది. "అచ్ఛా అత్తయ్యా, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు రుద్దుతున్నారు. ముహూర్తం ఎప్పుడు?"

నేనూ నవ్వాను. మసి కరిగి నీళ్ళు నల్లగా పారుతున్నాయి. అన్నీ తుడిచి పీట మీద నిలబెట్టాను. కుందులకి బొట్టు పెట్టాను. గంటకి, పళ్ళేనికి పెట్టాను. మనసులో లలితా నామాలు నడుస్తున్నాయి. వేలు ఆగలేదు. ఖోఖాలకీ పెట్టుకుంటూ పోయాను.

పదకొండో దాని దగ్గర వేలు చురుక్కుమంది.

చన్నీళ్ళలో కడిగిన ఇత్తడి. పొయ్యి మీంచి దించినట్టుంది. కొంగుతో పట్టుకుని తిప్పి చూశాను. అడుగున ఆకురాయితో కోసిన చిన్న గీత.

ఆ గీత సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మా మామగారు అప్పలస్వామి గూడ్స్ గార్డు. వేట మీద ఆంక్షలు లేని రోజుల్లో ఒక తెల్లవారుజామున రతన్‌పూర్ అవతల అడవిలో, పొదల పక్కన వంగి ఉన్నది అడవిపంది అనుకుని కాల్చారు. అది ఇప్పపూలు ఏరుకుంటున్న ఆడమనిషి. ఎవరూ చూడలేదు. ఆయన ఖోఖా ఏరుకుని జేబులో వేసుకుని వచ్చేసి, గుర్తుకి దాని అడుగున గీత కోసి దాచారు. మంచం పట్టాక ఓ రోజు నా చెయ్యి పట్టుకుని చెప్పారు. "దాని వేడి చల్లారలేదు, కోడలా. దాన్ని మళ్ళీ తుపాకిలో పడనీకు. నా చెయ్యి ఇంకొకడికి రాకూడదు."

"ప్రకాషూ, ఈ డబ్బా ఎక్కడిదిరా?"

"అటక మీద దొరికింది. తాతయ్యవి కొన్ని ఉంటే నావాటితో కలిపేశాను. అదే సైజు."

అప్పుడే చెప్పాల్సింది. కోడలు వింటోంది. పోయిన మనిషి పరువు... నోరు రాలేదు. వేడికి ఓర్వలేక పీట మీద వదిలేసిన ఆ ఒక్కటీ మళ్ళీ తీసి కొంగులో దాచుకుందామనుకునేలోపు, వాడు పళ్ళెం ఎత్తుకుని అన్నీ అందులో వేసుకుని డాబా మీద ఎండకి పెట్టేశాడు.

నాలుగింటికి మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. వెనక గదిలో ప్రకాష్ టార్చి లైటు పెట్టుకుని ఖోఖాల్లో మందు కూరుతున్నాడు. మందు కూరే మిషను లివరు కిందికి దిగిన చప్పుడు... ఆగి... మళ్ళీ. దేవుడి గదిలో కూర్చున్నాను. కర్పూరం వాసన మధ్య ఇంకేదో వాసన. పులిసిన తీపి. ఇప్పపూలు. భాద్రపదంలో ఇప్పపూలెక్కడివి?

తనూజ గుమ్మంలోకి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది.

"అత్తయ్యా... వరండాలో ఎవరో ఆవిడ. మీరు బొట్టు పెట్టి పిలిచారంట కదా."

మనలో బొట్టు పెట్టి పిలిస్తే, ఎవరైనా సరే, ఇంటికి రావలసిన మనిషే.

"ఏమంది?"

"ఛత్తీస్‌గఢీ మాట్లాడుతోంది. కుర్చీ వేస్తే నేల మీద కూర్చుంది. ఇంట్లో బందూకు పట్టేది ఎవరని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"మా ఆయన అన్నాను."

తాంబూలం పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. ఎవరూ లేరు. పొడి గచ్చు మీద మనిషి కూర్చున్నంత మేర తడి. పళ్ళెం అక్కడ పెట్టి, చేతులు జోడించి అన్నాను. "తల్లీ, మావాడికి ఏమీ తెలీదు. తప్పు నాది. తీసుకుని వెళ్ళిపో."

లోపల లివరు చప్పుడు ఆగింది.

వెనక గదికి పరుగెత్తాను. తూటాలన్నీ తయారుగా వరసలో ఉన్నాయి. మామగారి సంగతంతా వాడికి చెప్పాను. తనూజ గోడకి ఆనుకుని వింది. ప్రకాష్ ఒక్కో తూటానీ విప్పాడు. ఏ ఖోఖాకీ గీత లేదు. ఏదీ వేడిగా లేదు. ఎందుకైనా మంచిదని అన్నీ మూటగట్టి చీకటి పడకుండానే అర్పా నదిలో వదిలేసి వచ్చాడు.

మర్నాడు చూస్తే తాంబూలం అలాగే ఉంది. అరటిపళ్ళకి చీమైనా పట్టలేదు.

వాడు పోటీకి వెళ్ళలేదు. పదింటికి వంటింట్లో కూర్చుని ఉప్మా తింటున్నాడు. చెంచా నోటి దగ్గర ఉంది. కుడి భుజం ఒక్కసారి వెనక్కి తన్నింది.

"ఏటైందిరా?"

"తెలీదమ్మా. ఎవరో తోసినట్టు..."

చొక్కా తీస్తే, తుపాకి ఆనించుకునే చోట కమిలి ఉంది.

రైఫిలు పోలీసులకి అప్పగించి, లైసెన్సు వదులుకున్నాడు. డాక్టరు నరం అన్నారు. రోజూ పదింటికి, షెడ్డులో ఉన్నా, బండి మీద ఉన్నా, భుజం వెనక్కి పోతుంది. చప్పుడు ఉండదు. నేను ఆ వేళకి దేవుడి ముందు కూర్చుని, ఆ కనపడని తూటా ఎటు పోతోందో, ఎవరి మీదికీ పోకుండా చూడు స్వామీ అని మొక్కుకుంటాను.

నిన్న వాడికి సెలవు. పదింటికి నా ఎదురుగానే ఉన్నాడు. ఎప్పుడూ రెండు కళ్ళూ గట్టిగా మూసుకునేవాడు. నిన్న గురి చూస్తున్నట్టు ఎడమ కన్ను ఒక్కటే మూశాడు. భుజం వెనక్కి వెళ్ళింది.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "ఇవాళ తగిలింది."

ఎవరికని అడిగాను. వాడు కంచంలో అన్నం కలుపుకుంటున్నాడు.